ఏడు గేట్ల కేకు

శుక్రవారం పొద్దున ఆరింటికే ఆమినాబీ చేతులు చాక్లెట్‌లో ఉన్నాయి. తిరగేసిన స్టీలు పళ్ళెం మీద కరిగించిన చాక్లెట్ పోసి, గోడలకు లప్పం పెట్టే రేకుతో ఒక్క ఊపున లాగింది. రేకు వెళ్ళిన దారంతా అద్దంలా పరుచుకుంది. వేలితో అంచు తాకి చూసింది. ఒక పక్క పలచన. గీకేసి, మళ్ళీ కరిగించి, మళ్ళీ లాగింది. మూడోసారికి అట్టముక్క మందాన, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా వచ్చింది. పూర్తిగా బిగిసేలోపు స్కేలు పెట్టి కోయాలి. రెండు వేళ్ళ వెడల్పు, మూడు వేళ్ళ ఎత్తు. అలాంటివి ఏడు.

అవి ప్రకాశం బ్యారేజీ గేట్లు.

భవానీపురంలో ఆమె ఇంటి ముందు బోర్డేమీ ఉండదు. కేకుల ఆమినాబీ అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆ లప్పం రేకు ఆమె తండ్రి అబ్దుల్ రవూఫ్‌ది. ఆయన వన్‌టౌన్‌లో కొట్ల మీద పేర్లు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది, కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. ఇంట్లో ఆ రేకూ నాలుగు కుంచెలూ మిగిలాయి. ఆమినాబీ పెళ్ళయ్యాక తొమ్మిదేళ్ళు ఒక బేకరీలో అట్టపెట్టెలు మడిచింది. పొయ్యి గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. పెట్టెలు అందించే కిటికీలోంచి చూసి నేర్చుకుంది. మొదటి కేకు ఇంట్లో కుక్కర్ అడుగున ఇసుక పోసి కాల్చింది. మాడింది. రెండోదీ మాడింది. ఎన్నోది బాగా వచ్చిందో ఇప్పుడామెకు గుర్తులేదు గానీ, మాడిన ప్రతిదీ ఎందుకు మాడిందో గుర్తుంది.

ఈ బ్యారేజీ గొడవ తెచ్చింది వెనకవీధిలోకి కొత్తగా వచ్చిన శివపార్వతి. అంతకుముందు వాళ్ళు సింగ్‌నగర్‌లో కింది పోర్షన్‌లో ఉండేవారు. నిరుడు బుడమేరు వాగు పొంగినప్పుడు తలుపు సందులోంచి నీళ్ళు వచ్చాయి. కాఫీ కలిపేలోపు మంచం కోళ్ళు మునిగాయి, మధ్యాహ్నానికి కిటికీలు మునిగాయి. ఆమె కొడుకు, నాలుగేళ్ళ కిరీటిని వాళ్ళ తాతయ్య భుజాలకెత్తుకుని మేడ మీదికి చేర్చాడు. మూడు రోజులు అక్కడే. అప్పటినుంచి పిల్లవాడు నీళ్ళను చూస్తే బిగుసుకుపోతాడు. కొళాయి తిప్పిన చప్పుడైతే చాలు, గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. వాడికి స్నానమంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడవడమే.

"ఆదివారం వాడికి ఐదు నిండుతున్నాయక్కా," అంది శివపార్వతి, సోమవారం నాడు వచ్చి. "యాభై మందిని పిలిచాం. కార్తీక మాసం కదా, గుడ్డు లేకుండా కావాలి."

"పెరుగేసి చేస్తాలెండి. మెత్తగా వచ్చుద్ది. ఏం బొమ్మ కావాలి?"

"అదే తలనొప్పి. కారొద్దంట, డైనోసార్ వద్దంట. బ్యారేజీ కావాలంట."

"ఏ బ్యారేజీ?"

"మనదే. మా మామయ్యగారు అక్కడే గేట్లెత్తే పని చేశారు, ముప్పై ఒక్క ఏళ్ళు. పొద్దస్తమానం ఆ కబుర్లే చెప్తారు వాడికి. ఇప్పుడు వాడికి కేకులో గేట్లు లేవాలి, నీళ్ళు పారాలి." ఆమె గొంతు తగ్గించింది. "మీరు మాత్రం నీళ్ళు పెట్టకండక్కా. నీలం క్రీమ్ పూసేయండి చాలు. వాడు అడగడం అడుగుతాడు, తీరా అంతమందిలో చూసి కేకలు పెడితే? స్కూల్లో ఇప్పటికే స్నానం లేనోడని ఏడిపిస్తున్నారు. ఆ పిల్లలంతా వస్తున్నారు."

ఆమినాబీ సరేనంది. క్రీమ్ పనే అయితే ఒక పూటలో అయిపోతుంది.

కానీ ఆ సాయంత్రమే తాతా మనవడూ వచ్చారు. రామకోటేశ్వరరావు పొడుగాటి మనిషి, కాస్త వంగాడు. గుమ్మం పట్టుకున్న ఆయన అరచెయ్యి చూసి, ఇది రంపమో గొలుసో పట్టిన చెయ్యి అనుకుంది ఆమినాబీ. పిల్లవాడు ఆయన లుంగీ అంచు పట్టుకుని, ముందు వంటింటి కొళాయి కట్టేసి ఉందో లేదో చూసుకున్నాడు. కట్టేసే ఉంది. అప్పుడు లోపలికి వచ్చాడు.

"కేకాంటీ, డెబ్బై గేట్లు పెడతావా?"

"డెబ్బై పెడితే కేకు మీ ఇంటి గుమ్మంలో పట్టదు నాన్నా. ఏడు పెడతా."

కిరీటి తాతయ్య వైపు చూశాడు. "ఒక్కోటి పది అనుకుందాంలేరా," అన్నాడు ఆయన, పెద్ద ఒప్పందం కుదురుస్తున్నట్టు.

"సరే. కానీ లేవాలి."

"లేస్తాయి."

"నీళ్ళు నీలంగా ఉండకూడదు. వరద నీళ్ళు నీలంగా ఉండవు. ఎర్రగా ఉంటాయి." ఆ మాట అన్నప్పుడు వాడి కళ్ళు ఎటూ కదల్లేదు. "అవి గేటు వెనకాలే ఉండాలి. నేను ఎత్తితేనే రావాలి."

ఆమినాబీ చేతిలోని గిన్నె కింద పెట్టింది. తన నలభై రెండేళ్ళ బతుకులో ఆమె చాలామంది పిల్లల కోరికలు విన్నది. ఇలాంటిది వినలేదు.

వాళ్ళు వెళ్ళాక శివపార్వతికి ఫోన్ చేసింది. "నేను క్రీమ్ పూయలేనండి. చిన్నోడు అడిగింది వేరే. శనివారం మీకు చేసి చూపిస్తా. అప్పుడు కూడా మీకు భయమైతే, మీ ఎదురుగానే నీలం పూసేస్తా." అవతలినుంచి, "శనివారం చూస్తానక్కా," అని మాత్రం వినబడింది.

చెయ్యాల్సిన వస్తువును ముందు చూడాలి కదా. గురువారం పొద్దున్నే రామకోటేశ్వరరావుతో కలిసి ఆటోలో బ్యారేజీకి వెళ్ళింది. మంగళగిరిలో చెల్లెలి ఇంటికి పోతూ వస్తూ ఆ దారిన ఎన్ని వందలసార్లు వెళ్ళిందో లెక్కలేదు. ఎప్పుడూ ఆటోలో సంచి ఒళ్ళో పెట్టుకుని, దిగే చోటు గురించి ఆలోచిస్తూ కూచోవడమే. నడిచి నిలబడి చూడటం ఇదే మొదలు.

ఈ ఏడు వానలు కార్తీకం దాకా పట్టాయి, గేట్లు ఇంకా పూర్తిగా దించలేదు. ఎగువ వైపు చూస్తే కృష్ణ ఇస్త్రీ చేసిన చీరలా ఉంది, కదలడం లేదనిపించేంత నెమ్మది. రోడ్డు దాటి ఇవతలికొచ్చి దిగువకు వంగి చూసేసరికి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. అంతసేపూ నిద్రపోతున్నట్టున్న ఆ నీళ్ళే ఇక్కడ తెల్లగా చీలి, పొగలు కక్కుతూ, ఒకదాని మీదొకటి పడి దొర్లుతున్నాయి. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక ఇనప తలుపు.

"రెయిలింగు మీద చెయ్యి పెట్టమ్మా," అన్నాడు ఆయన.

పెట్టింది. ఇనుము వణుకుతోంది. లారీ పోయినప్పటి కుదుపు కాదు. సన్నగా, తెంపు లేకుండా, పెద్ద జంతువు ఒంటి మీద చెయ్యి వేస్తే తెలిసే ఊపిరిలాంటి వణుకు. మోచేతుల దాకా వచ్చింది. అంత నీటినీ ఇక్కడ ఆపవచ్చని ముందుగా అనుకున్న మనిషి ఎవరో, అతనికి ఎంత ధైర్యమో అని ఆమె ఆశ్చర్యపోయింది.

ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. "అదుగో, ఎడం చేతి వైపు నాలుగోది. దాని కింద మిగతావాటికంటే బెత్తెడు ఎక్కువ పోతోంది." ఆమె వంగి చూసింది. అక్కడ నురగ నిజంగానే ఎత్తుగా ఉంది.

"చూడకుండా ఎట్టా తెలిసింది బాబాయిగారూ?"

"గొంతు వేరుగా ఉంది కదమ్మా."

ఆమెకు అర్థమైంది. కేకు ఉడికిందో లేదో ఆమె కూడా పుల్ల గుచ్చి చూడదు. చెవి దగ్గర పెట్టుకుంటుంది. పచ్చిగా ఉంటే లోపల చిటచిటలాడుతుంది. ఉడికితే ఊరుకుంటుంది. ఆ సంగతి చెబితే రామకోటేశ్వరరావు ఆమెను తేరిపార చూసి, "అయితే నీకు సగం పని వచ్చినట్టే," అన్నాడు.

"ఎత్తేటప్పుడు వరసేమైనా ఉందా?"

"మధ్యది ముందు. తర్వాత అటొకటి, ఇటొకటి. ఒక పక్కనే ఎత్తుకుంటూ పోతే నీళ్ళు ఆ గట్టు మీదే పడి కోసేస్తాయి. కరెంటు లేని రోజుల్లో నలుగురం పట్టి చేత్తో తిప్పేవాళ్ళం. ఎంత తొందరున్నా వరస తప్పేవాళ్ళం కాదు."

శుక్రవారం పొద్దున ఆమె లాగిన చాక్లెట్ రేకు ఈ పని కోసమే. పంచదార ముద్దతో చేసిన గేట్లు తడికి కరిగిపోతాయి. చాక్లెట్ కరగదు. ఒక్కో గేటు పైఅంచులో మెత్తగా ఉండగానే తెల్ల నూలుదారం దించింది. స్తంభాలకు గాడి తీసి, గేట్లు వాటిలో జారేలా నిలబెట్టింది. వెనకాల తొట్టి, దానికీ లోపలంతా చాక్లెట్ పూత. ముందు వైపు దిగువన కేకు. అక్కడ ఆమె తన తెలివి పెట్టింది. మామూలుగా కేకుకు పాకం ముందే పట్టిస్తారు. ఈమె పట్టించలేదు. కేకును చిన్నచిన్న మడులుగా కోసి, మధ్యన కాలవలు తీసి, పొడిగానే వదిలేసింది. మళ్ళ మీద పిస్తా పొడి చల్లితే పచ్చగా నాట్లేసినట్టుంది. కంకిపాడు వైపు పొలాలు బస్సులోంచి చూసిందే, అంతకుమించి ఆమెకు తెలియదు. గేట్లు లేస్తే నీళ్ళు కాలవల్లో పడి, మడులు తాగుతాయి. తాగాకే అది తినే కేకు.

ఇక నీళ్ళు. వరద నీళ్ళు ఎర్రగా ఉంటాయన్నాడు వాడు. బెల్లం పానకం కలిపి, ఏలకులు దంచి వేసి, గుడ్డలో వడగట్టింది. గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూస్తే అచ్చం శ్రావణంలో కృష్ణే.

తొట్టిలో పోసింది. పది లెక్కపెట్టేలోపు ఏడు గేట్ల అంచుల్లోంచీ కారిపోయింది. మడులన్నీ ముందే తడిసి చతికిలబడ్డాయి.

రెండోసారి చేసింది. ఈసారి గాడుల్లో కరిగించిన చాక్లెట్ పెట్టి సందులన్నీ పూడ్చేసింది. కేకుల పనిలో ఏ సందు కనిపించినా చెయ్యి తనంతట అదే పూడ్చేస్తుంది కదా. పానకం పోసింది. చుక్క కారలేదు. సంతోషంగా దారం లాగింది. గేటు లేవలేదు. ఇంకాస్త లాగింది. దారం గేటును చీల్చుకుని చేతిలోకి వచ్చేసింది.

సాయంత్రం ట్రాలీ ఆటో నిలిపి ఇంట్లోకొచ్చిన ఆమె మొగుడు కరిముల్లా, వంటింట్లో విరిగిన బ్యారేజీనీ, పక్కన కూచున్న భార్యనీ చూశాడు. "ఇంకా నయం, కింద ఊళ్ళు ఖాళీ చేయించలేదు," అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను వెళ్ళి రామకోటేశ్వరరావును వెంటబెట్టుకొచ్చాడు.

ఆయన విరిగిన గేటును వేలి మీద పెట్టుకుని తిప్పి చూశాడు. "పనితనం బాగుందమ్మాయ్. ఇంత సాపుగా మాకు ఇనుములో కూడా రాలేదు. కానీ నువ్వు తలుపుకు సిమెంటు పెట్టావ్."

"కారిపోతుంటే ఏం చెయ్యను మరి?"

"కారనీ. గేటన్నాక కాస్త కారుద్ది. చుక్క కూడా కారలేదంటే బిగుసుకుపోయిందని మాకు భయం. అట్టాంటిది వరదొచ్చిన రోజున లేవదు."

"మడులు ముందే తడిసిపోతాయి కదా బాబాయిగారూ."

ఆయన గచ్చు మీద కూచున్నాడు. "నేను చిన్నప్పుడు కంకిపాడు దగ్గర లాకుల మీద చేరాను. కాలవ తలుపులు అప్పుడు పాతవి, చెక్కవి. బాగా కారేవి. మా మేస్త్రీ ఏం చేసేవాడంటే, బస్తాడు ఊక తెచ్చి ఎగువన నీళ్ళ మీద చల్లేవాడు. నీళ్ళు ఏ సందులోంచి పోవాలని చూస్తాయో, ఆ సందులోకే ఊకను లాక్కుపోతాయి. అక్కడే ఇరుక్కుంటుంది. నీళ్ళతోనే నీళ్ళను కట్టించేవాడు. తలుపు ఎత్తామా, ఊక పోద్ది, తలుపు లేస్తుంది."

ఆమినాబీ లేచి ఎండుకొబ్బరి పొడి డబ్బా తీసింది. మూడోసారి గేట్లు కోసి, గాడుల్లో వదులుగా నిలబెట్టి, పానకం పోసింది. గేట్లన్నీ కారడం మొదలుపెట్టాయి. గుప్పెడు కొబ్బరి పొడి పైన చల్లింది. తెల్లటి పొడి పానకం మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎవరో పిలిచినట్టు, ఏ రేణువుకా రేణువు గేట్ల వైపు నడిచింది. ఆరు గేట్లు ఆగిపోయాయి. ఏడోది ఒక చుక్క, ఇంకో చుక్క కార్చి అదీ ఆగింది. దారం లాగితే గేటు గాడిలో మెత్తగా లేచింది.

"యా అల్లా," అంది ఆమె, చాలా చిన్నగా. కరిముల్లా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. యాభై ఏళ్ళుగా ఆ పని తెలిసిన రామకోటేశ్వరరావు కూడా మొదటిసారి చూస్తున్నవాడిలా మోకాళ్ళ మీద వంగిపోయాడు.

శనివారం శివపార్వతి వచ్చి చూసింది. నిలిచిన పానకం వైపు చూస్తున్నంతసేపూ కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది. ఆమినాబీ నీలం క్రీమ్ గిన్నె కూడా పక్కనే సిద్ధంగా పెట్టింది. శివపార్వతి ఆ గిన్నెను చేత్తో పక్కకు జరిపింది. "ఇట్టాగే తెండక్కా. ఏడిస్తే నేనెత్తుకుంటా."

ఆదివారం సాయంత్రం బ్యారేజీ కరిముల్లా ట్రాలీ ఆటోలో వెనకవీధికి బయల్దేరింది. ఆమినాబీ వెనక కూచుని రెండు చేతులతో పళ్ళెం పట్టుకుంది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా, "మెల్లిగా!" అని అరుపు. "కృష్ణా నది మీదున్నదాన్ని ఊరేగించే మొగాణ్ణి నేనొక్కణ్ణే, కాస్త మర్యాదగా పిలువు," అన్నాడు కరిముల్లా ముందునుంచి.

హాల్లో బెలూన్లు, పిల్లలు, గోల. బల్ల మీద పెట్టి, పైన పేరు రాసింది ఆమినాబీ. తండ్రి కొట్ల మీద రాసినట్టే, గుండ్రటి తలకట్లతో. కిరీటి కొత్త చొక్కాలో తాతయ్య మోకాళ్ళ మధ్య నిలబడ్డాడు. ఆమె చెంబుతో తొట్టిలో పానకం పోయడం మొదలుపెట్టగానే గోల సద్దుమణిగింది. ఎర్రటి నీళ్ళు గేట్ల వెనక లేచాయి. వేలెడు లేచాయి. రెండు వేళ్ళు లేచాయి. కిరీటి భుజాలు బిగిశాయి.

నడిమి గేటు అంచున ఒక బొట్టు కనిపించింది. కింద పడింది. ఇంకోటి.

"కారుతోంది," అన్నాడు కిరీటి. గొంతు మారింది. వెనక్కి నెట్టుకుంటూ తాతయ్య ఒళ్ళోకి ఎక్కేస్తున్నాడు. "తాతయ్యా, వస్తున్నాయి, వస్తున్నాయి!"

"ఒరేయ్, పానకానికి కూడా భయమేంట్రా!" అన్నాడు చక్రి అనే పిల్లవాడు. స్నానం లేనోడని పేరు పెట్టింది వాడే. ఎవరో కిసుక్కుమన్నారు. శివపార్వతి ఒక అడుగు ముందుకేసింది. ఆమినాబీ ఆమెను కళ్ళతోనే ఆపి, కొబ్బరి డబ్బా పట్టుకుని పిల్లవాడి ముందు గొంతుక్కూచుంది.

"నేను కూడా ఆపలేకపోయా నాన్నా. మీ తాతయ్య చెప్పాక వచ్చింది. చెయ్యి చాపు." వాడి అరచేతిలో కొబ్బరి పొడి పోసింది. "పైన చల్లు. నీళ్ళను ముట్టుకోనక్కర్లేదు."

వాడు చాలాసేపు చల్లలేదు. బొట్లు పడుతూనే ఉన్నాయి. రామకోటేశ్వరరావు వాడి వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. చివరికి కిరీటి చెయ్యి ముందుకు చాపి, మొహం పక్కకు తిప్పుకుని, దులిపేసినట్టు చల్లాడు. చల్లి, ఒక కంటితో చూశాడు.

పొడి కదిలింది. తేలుతూ, బారులు తీరి గేట్ల దగ్గరికి పోయింది. బొట్టుకూ బొట్టుకూ మధ్య ఎడం పెరిగింది. పెరిగి పెరిగి, తర్వాత బొట్టు రాలేదు.

కిరీటి రెండో కన్ను కూడా తిప్పి, బల్ల అంచు దాకా వచ్చి, గడ్డం దాని మీద ఆనించాడు. గేట్లకు ఆ వైపు ఎర్రగా నీళ్ళు. ఈ వైపు పొడి మడులు. మధ్యలో వాడు చల్లిన తెల్లటి గీత.

"నేనే ఆపా," అన్నాడు.

"నువ్వే," అన్నాడు తాతయ్య.

చక్రి జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "ఒరేయ్ కిరీటీ, నాకూ ఒక గేటు ఇవ్వరా. ఒక్కటిరా, ప్లీజ్."

కిరీటి వాడివైపు తిరగను కూడా లేదు. "చివరిది నీది. మధ్యది ముందు ఎత్తాలి. తర్వాత అటొకటి, ఇటొకటి. నేను చెప్పినప్పుడే ఎత్తాలి. లేకపోతే గట్టు కోసుకుపోద్ది."

ఏడు దారాలూ ఆమినాబీ పిడికిట్లో ఉన్నాయి. దారి పొడుగునా చిక్కుపడకుండా ఆమే పట్టుకుంది. నడిమి దారం విడదీసి వాడి చేతిలో పెట్టింది. వాడు లాగాడు. గేటు లేచింది. ఎర్రటి నీరు సన్నటి నాలుకలా జారి, కాలవలోకి మలుపు తిరిగి, మొదటి మడిని తాకింది. మడి తాగింది. అంచు నుంచి రంగు మారుతూ నల్లబడి, ఉబ్బి, నిండింది. వాడి వేలి మీద ఒక చుక్క చిందింది. వాడు బిగుసుకున్నాడు. వేలు వంక చూశాడు. నోట్లో పెట్టుకున్నాడు.

"ఇంకోటి," అన్నాడు చెయ్యి చాపి, కళ్ళు నీళ్ళ మీంచి తిప్పకుండానే.

ఆమినాబీ మిగిలిన ఆరు దారాలూ వాడి గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూసి, తన చేతులు వెనక్కి తీసుకుంది.